మందు కొట్టిన గోడ

1999 అక్టోబరు 8, శుక్రవారం

రాయి. లూర్దమ్మ చెప్తోంది, మనవరాలు మెర్లిన్ రాస్తోంది అని ముందు రాయి. తేదీ నువ్వే వేసుకో. నాకు ఇవాళ అరకు సంత అని తెలుసు, అది చాలు.

ఈ కాగితాలు ఎవరికీ కావు. మీ అమ్మకి అసలే కావు. రేపెవరైనా వచ్చి లూర్దమ్మా, నువ్వు చేసిందేటి, చెయ్యందేటి అని అడిగితే నాకు నోరుంది. నోరు పడిపోయాక ఎవరు చెప్తారు? అందుకని రాయిస్తున్నాను. సెలవుల్లో రోజుకో పేజీ ఏదో ఒకటి రాయమని మీ అమ్మ నీకు పని పెట్టింది కదా, నాది రాయి. పేజీకి పేజీ అవుతుంది, నా మాటకి మాటా అవుతుంది.

దసరా సెలవులు గూడెం అంతటికీ వచ్చాయి, మా ఇంటికి రాలేదు. ఆశ్రమ హాస్టళ్ళ నుంచి పిల్లలు రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని దిగారు. రెండు రోజులు వలిసె చేలల్లో పడి తిరిగారు. మూడో రోజుకి అందరూ మా అరుగు మీదే. నా కోడలు సుజానా వానల కాలం నుంచీ తన ఇద్దరు పిల్లలకీ ఇంట్లోనే చదువు చెప్తోంది. సెలవుల్లో వీళ్ళు కూడా తోడయ్యారు. చదువు కోసం అంటుంది తను. అంబలి కోసం అంటాను నేను. చోడి పిండి కలిపేది నేను, నాకు తెలీదా?

సుజానా ఒక చేత్తో పొయ్యి ఊదుతుంది, ఒక చేత్తో పలక దిద్దుతుంది, చంకన చిన్నోడు జాకబ్. కోళ్ళని గూట్లోకి తోలుతూ కోళ్ళతోనే లెక్కలు చెప్తుంది. సాయంత్రం చీకటి పడ్డాక కూడా అరుగు మీద లాంతరు పెట్టి తెలుగు చదివిస్తుంది. సీతంపేట పిల్ల, పది పాసయిందని ఒళ్ళంతా చదువే. తిండి తినమంటే, ఈ పద్యం అయ్యాక తింటాను అత్తా అంటుంది.

నిన్ను హాస్టలు ఎందుకు మాన్పించిందో కూడా రాయి. నీకు తెలుసు, అయినా రాయి. ఆ హాస్టల్లో నీ చాప పక్కన చాప వేసుకునే గుంట జ్వరంతో పోయింది. అది విన్న రోజే సుజానా మా వాడి జీపు ఎక్కి వెళ్ళి నిన్ను పెట్టెతో సహా తెచ్చీసింది. మా వాడు సైలస్ పాడేరు రోడ్డులో జీపు నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. హాస్టల్లో జ్వరం ఉంది, మనింట్లో లేదు అంది సుజానా. అన్నం, గుడ్డు, సబ్బు అన్నీ ఊరికే ఇచ్చే చోటు నుంచి పిల్లని లాక్కొచ్చి చోడంబలి పోస్తావా అన్నాను. ఆ రోజు మొదలైంది మా ఇద్దరికీ.

ఇవాళ సంతలో ఉప్పు కొలిపిస్తుంటే చెప్పారు. కింద గూడెం మంగ్లు కొడుకు పోయాడట. రెండు రోజుల జ్వరమట. ఉప్పు అక్కడే వదిలేసి వచ్చీసాను.

అక్టోబరు 9

గోడలు అలికాను. ఇది నా ఇల్లు.

సంగతి ఇది. పోయిన నెల మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చి ఇంటి లోపలంతా మందు కొట్టి పోయారు. గోడల నిండా తెల్లటి చారికలు. మరియ తల్లి పటం చుట్టూ కూడా. కాకులు వరసగా కూచుని రెట్టలేసినట్టుంది. కనక అని మా గూడెం పిల్లే, గవర్నమెంటు మందుల సంచి ఇచ్చి జ్వరాలు చూడమంది. ఆ కనక ఇల్లిల్లూ తిరిగి, క్రిస్మసు దాకా గోడలు అలక్కండి, దోమ వచ్చి గోడ మీద వాలి చావాలి అంటే ఆ మందు పైకి ఉండాలి అని చెప్పింది.

దోమ కోసం నేను ఇల్లు పాడు పెట్టుకోవాలా? సోమవారం మాకు సామ కొత్త పండగ. కొత్త సామలు ఇంట్లోకి తెచ్చే ముందు గోడ ఎర్రమన్నుతో అలకాలి. మా అమ్మమ్మ అలికింది, మా అమ్మ అలికింది. ఏసయ్య దగ్గరికి వచ్చాక కొత్తన్నం ఏసయ్యకి పెడుతున్నాం, గోడ మాత్రం మానలేదు. ఫాదరు గారు కూడా ఏనాడూ మానమనలేదు. పైగా ఈ యేడు కొత్త సామలు దీవించడానికి మా ఇంటికే వస్తానన్నారు.

నిన్న సంత నుంచి వచ్చి అలుకుతాను అంటే సుజానా అడ్డం నిలబడింది. గొంతు పెంచలేదు, అదే నాకు మంట. "అత్తా, మంగ్లు కొడుకు పోయి ఇంకా రోజు కాలేదు" అంది. అందుకే అలకాలి, చావు మాట విన్న చెవులతో పాత గోడ మధ్య కొత్త తింటామా అన్నాను. పిల్లలందరూ పలకలు ఆపి వింటున్నారు. మీ టీచరుకి చదువెక్కువయ్యింది, అత్తకే పాఠం చెప్తోంది అన్నాను వాళ్ళతో. వాళ్ళు నవ్వారు. సుజానా కూడా నవ్వింది, నవ్వి, "ఈ ఒక్క యేడూ ఆగు అత్తా" అంది.

ఈ పొద్దున్న అరకులో పాత పుస్తకాలు ఎవరో ఇస్తామన్నారని వెళ్ళింది. తను గెడ్డ నీళ్ళు దాటగానే నేను తట్ట తీశాను. హాస్టలు పిల్లలే కొండ నుంచి మన్ను తెచ్చి పెట్టారు. నువ్వూ పేడ కలిపావు, మోచేతుల దాకా పూసుకున్నావు, రాయి, సిగ్గేటి. మధ్యాహ్నానికి లోపలంతా ఎర్రగా, పెళ్ళింటిలాగ అయింది.

సాయంత్రం సుజానా వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పుస్తకాల మూట దించలేదు. తడి గోడ మీద చెయ్యి పెట్టి తీసి అరచెయ్యి చూసుకుంది. చెయ్యి కడుక్కుని బియ్యం ఏరుకుంది.

తిట్టినా బాగుండును.

అక్టోబరు 11

కొత్త తిన్నాం. ఫాదరు గారు గోడలు చూసి ఎంత బాగుందమ్మా అన్నారు. సుజానా వింటుండగా అన్నారు. ఇది పెద్దక్షరాలతో రాయి.

అక్టోబరు 12

ఇవాళ రాయను. మీ అమ్మ ఇక్కడిక్కడే తిరుగుతోంది.

అక్టోబరు 13

మా ఇంట్లో జ్వరం ఎవరికీ లేదు. రాశావా? ఎవరికీ లేదు. మళ్ళీ రాయి.

ఎవరికీ లేదు.

అక్టోబరు 14

జాకబ్ తుమ్మాడు. మన్ను ఆరుతుంటే దుమ్ము లేస్తుంది కదా, ముక్కులో పోయింది. సుజానా పరుగున వచ్చి వాడి ఒళ్ళు చూసింది. నా వైపు చూడలేదు. చూసిందేమో, నేను చూసే లోపల ముఖం తిప్పేసుకుంది.

కింద గూడెంలో ఇంకో ఇద్దరికి చలి జ్వరమట. కనక గాజు పలకల మీద రక్తం తీసుకుని పోయింది. సాయంత్రాలు పొగ వెయ్యమంది. వేప లేదు, నీలగిరి ఆకు వేశాను. ఇల్లంతా వేశాను. పిల్లలు దగ్గి దగ్గి బయటికి పారిపోయారు.

గోడ బాగానే ఉంది. ఎక్కడా పగల్లేదు.

అక్టోబరు 15

ఇవాళ రాసే ఈ గుంటకి ఒళ్ళు బద్ధకం. తలనొప్పి అంటుంది. ఎండ ఇలా కాస్తుంటే దుప్పటి కప్పుకుని కూచుంది. అరుగంతా పిల్లలు గోల చేస్తుంటే ఎవరికి నొప్పి పుట్టదు? నాకూ పుడుతుంది.

చెయ్యి వణుకుతోంది మామ్మా, అక్షరాలు వంకర పోతున్నాయి అంటోంది. పోనీ, నేను చదవబోతానా?

చెయ్యి పట్టి చూశాను. వెచ్చగా ఉంది. వెచ్చగానే, అంతే. పొయ్యి దగ్గర కూచున్న చెయ్యి వెచ్చగా ఉండదా?

అమ్మకి చెప్పనా మామ్మా అంది. వద్దు అన్నాను. నిన్ను చూడగానే గోడ అంటుంది. రేపటికి తగ్గిపోతుంది, మిరియాల చారు కాచి పోస్తాను, ఊరికే గోడ మాట ఎందుకు అన్నాను. ఇదంతా రాస్తున్నావా? ఇది రాయకు.

రాసేసిందట. సరేలే.

అక్టోబరు 16

తగ్గింది. పొద్దున్న చెమట పట్టింది, ఒళ్ళు చల్లబడింది, అంబలి కూడా తాగింది. నేను చెప్పలేదా? చలి తగిలింది, పోయింది. రాయి, బేగి రాయి, మీ అమ్మ గెడ్డకి వెళ్ళింది. రాయి, మెర్లిన్‌కి వచ్చింది ఆ జ్వరం కాదు, ఇది మామూలు

అక్టోబరు 21

ఇది సుజానా రాస్తోంది. నేను చెప్తున్నాను.

నేను పిలవలేదు. ఆసుపత్రి నుంచి పొద్దున్నే వచ్చింది. జాకబ్‌ని ఎత్తుకుని ఒళ్ళంతా తడిమి చూసింది, తర్వాత ఈ కాగితాలు తెచ్చి నా ఎదురుగా కూచుంది. "మెర్లిన్ కళ్ళు తెరిచింది అత్తా. మామ్మ కాగితం మధ్యలో ఆగిపోయింది, నువ్వు వెళ్ళి రాయమ్మా అంది" అంది.

అంటే పాత పేజీలు చదివిందన్నమాట. చదివావా అని అడిగాను. చదివాను అంది. ఏటి చదివావు అన్నాను. అన్నీ చదివాను, ఎక్కడ ఆగిపోయావో అక్కడి నుంచి చెప్పు అంది.

చెప్తాను. ఆ మధ్యాహ్నం రాస్తూ రాస్తూ మెర్లిన్ చేతిలోంచి పెన్సిలు జారిపోయింది. తలెత్తి నన్ను చూసి, ఎక్కాలు మొదలెట్టింది. ఏడో ఎక్కం. అయిపోగానే మళ్ళీ ఏడో ఎక్కమే. అరుగు మీద పిల్లలు ఆట అనుకుని దాంతో పాటు గట్టిగా చెప్పారు. మెర్లిన్, ఆపు అన్నాను. నా ముఖంలోకి చూసి, నువ్వెవరు అని అడిగింది. ఆ గుంట పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేను. నువ్వెవరు అంది. నిప్పులాగ కాలుతోంది.

గెడ్డ దాకా వినపడేలా కేకేశాను. నువ్వు తడి గుడ్డలతోనే పరిగెత్తుకొచ్చావు సుజానా. ఎప్పటి నుంచి అని అడిగావు. నేను ఇప్పుడే అన్నాను.

ఇప్పుడే అన్నాను. అలాగే రాయి. దాన్ని మార్చకు.

కనక చేదు బిళ్ళలు నూరి పోసింది. కక్కీసింది. ఇది నా సంచిలో మందుతో పోయేది కాదు, బేగి తియ్యండి అంది. కొండ మీద వాన పడి గెడ్డ పొంగింది, జీపు ఇటు రాదు. పక్కింటి గాసి వెదురు నరికి దుప్పటి కట్టి డోలీ చేశాడు. రెండో భుజానికి మనిషి ఎవరు అనుకుంటుండగానే మంగ్లు వచ్చాడు. మా కేకలు వాళ్ళ గూడెం దాకా పోయినట్టున్నాయి. కొడుకుని పాతిపెట్టి పది రోజులైనా కాలేదు. ముందు వైపు భుజానికెత్తుకున్నాడు. నువ్వు డోలీ పక్కనే తడి గుడ్డ పిండుకుంటూ, కాలు జారుతూ వెళ్ళిపోయావు. నేను జాకబ్‌ని పట్టుకుని ఇంట్లో ఉండిపోయాను. ఎర్ర గోడల మధ్య.

ఆ తర్వాత రాయించడానికి మనిషి లేదు. హాస్టలు పిల్లలున్నారు, రాస్తామన్నారు. వాళ్ళకేటి చెప్తాను? రోజూ గెడ్డ ఒడ్డుకి వెళ్ళి కూచునేదాన్ని. అటు నుంచి ఎవరొచ్చినా వాళ్ళ ముఖం చూసేదాన్ని, నోటితో అడిగేదాన్ని కాదు. సైలస్ జీపు మానేసి ఆసుపత్రిలోనే ఉన్నాడని ఒకరు చెప్పారు. సీసా ఎక్కిస్తున్నారని ఒకరు చెప్పారు. బతికిందని ఎవరూ చెప్పలేదు, పోయిందనీ చెప్పలేదు. జపమాల తిప్పుతుంటే నాకు పరలోక జపం మధ్యలో ఏడో ఎక్కం వినిపించేది.

ఇవాళ దసరా సెలవులు అయిపోయాయి. హాస్టలు పిల్లలు పెట్టెలెత్తుకుని వెళ్ళిపోయారు. అరుగు ఖాళీ. పోండి పోండి అని రోజూ తిట్టేదాన్ని. ఇవాళ వెళ్తుంటే ఒక్కొక్కళ్ళ నుదురూ పట్టుకుని చూసి పంపాను.

అక్టోబరు 22

సుజానా రేపు మళ్ళీ ఆసుపత్రికి వెళ్తుంది. మెర్లిన్‌ని ఇంకా నాలుగు రోజులుంచుకుంటారట. గండం గడిచింది, నీరసం ఉంది, అన్నం అడుగుతోంది. ఇవన్నీ మంచి మాటలే. మంచి మాటలన్నీ చెప్పీసి, రాయడానికి కూచుని, రాయకుండా పెన్సిలు తిప్పుతోంది.

ఏటి, చెప్పు అన్నాను. నిన్నే చెప్పాల్సింది, అంత దూరం నడిచొచ్చి అలిసిపోయానంది.

"అత్తా, మెర్లిన్ జ్వరం నీ గోడ వల్ల వచ్చింది కాదు" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. డాక్టరుని తనే అడిగిందట. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదట. పది, పన్నెండు రోజులు లోపల దాక్కుని అప్పుడు లేస్తుందట. మెర్లిన్‌కి జ్వరం తగిలేనాటికి గోడ అలికి వారం కూడా కాలేదు. కుట్టిన దోమ అంతకు ముందే కుట్టింది. గోడ మీద మందు ఉన్నప్పుడే.

చూశావా, నేను చెప్పలేదా అనాలి. ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఈ కాగితాలు. లేచి నీళ్ళ చెంబు తెచ్చి తన ముందు పెట్టాను.

సుజానా తల వంచుకుని, "మందు ఇంట్లో ఉంది అత్తా. పిల్ల అరుగు మీద ఉంది. చీకటి పడ్డాక లాంతరు దగ్గర కూచోబెట్టింది నేనే కదా" అంది. "హాస్టలు నుంచి తెచ్చి మరీ కూచోబెట్టాను."

ఆ మాట రాయకు అన్నాను. వింటున్నావా, అది రాయకు. పదిహేనో తారీఖున అమ్మకి చెప్పొద్దన్నది నేను, ఆ పేజీ ఉంది కదా, పిల్ల చేతి వంకర అక్షరాలతోనే ఉంది, అది చాలు. నీది ఎందుకు?

రాస్తూనే ఉంది. మా ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు.

ఒక రోజు ముందు తెచ్చుంటే ఏమనేవాడు డాక్టరు అని అడిగాను. తెలీదు అత్తా అంది. తెలుసు. చెప్పలేదు.

జాకబ్ గోడకి ఆనుకుని కూచుని గోటితో ఎర్రమన్ను గీకుతున్నాడు. వాణ్ణి చూస్తూ చూస్తూ నేను వేళ్ళు మడిచాను. అలికిన రోజు నుంచీ మడిచాను. పది, పన్నెండు రోజులు దాక్కుంటుందంటే, అలికాక కుట్టిన దోమది ఇంకా లేవలేదు. ఇప్పుడే లేచే రోజులు.

"అయితే నా గోడది ఇంకా రావాలి" అన్నాను.

సుజానా పెన్సిలు ఆగిపోయింది. నాకన్నా ముందే లెక్క కట్టుకుంది తను, ముఖం చూస్తే తెలిసింది. నిన్న గుమ్మంలోకి రాగానే వాడి ఒళ్ళంతా ఎందుకు తడిమిందో అప్పుడు తెలిసింది.

ఆపకు, రాయి అన్నాను.

అక్టోబరు 23

గోడ గీకాను. సుజానా ఆసుపత్రికి వెళ్ళగానే కొడవలి తీసుకుని గీకాను. ఎర్రమన్ను పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. కింద తెల్ల చారికలు కనిపిస్తాయనుకున్నాను. లేవు. మన్నుతో పాటు వచ్చేశాయి. కనక చూసి, గీకితే మందు తిరిగి రాదు పిన్నీ అంది. మళ్ళీ కొట్టేవాళ్ళు ఎప్పుడొస్తారు అంటే, రాసి పంపాను అంది.

గాసి ఇల్లు ఈ యేడు అలకలేదు, మందు చారికలు అలాగే ఉన్నాయి. పెళ్ళాం పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అలికే దిక్కు లేదు, ముక్కు మూసుకుని దాని ముందు నుంచి నడిచేదాన్ని. ఇవాళ వెళ్ళి గుమ్మంలో నిలబడి, మా గుంటణ్ణి నీ ఇంట్లో పడుకోనియ్యి గాసీ అని అడిగాను. గాసి తుడిచి చాప వేశాడు. నువ్వూ పడుకో పిన్నీ అన్నాడు. నేను ఎందుకు, నా ఇల్లు నాకుంది అన్నాను. నా రక్తం చాలా ఉంది, దోమ తాగితే నాది తాగనీ.

ఇదంతా సుజానా సాయంత్రం తిరిగి వచ్చాక రాస్తోంది. మెర్లిన్ లేచి నాలుగడుగులు నడిచిందట. నాకోసం అడిగిందట. నన్నేటని అడిగింది అన్నాను. మామ్మ తింటోందా అని అడిగిందట.

తను కూడా జాకబ్‌తో గాసి ఇంట్లోనే పడుకుంటుంది. పడుకోవాలి. గట్టిగా చెప్పాను.

అక్టోబరు 24

వాడికి జ్వరం లేదు. కనక వచ్చి వాడి వేలు పొడిచి రక్తం తీసింది. ఏడ్చాడు. సుజానాదీ తీసింది. నాదీ తియ్యబోయింది, నాది ఎందుకు అన్నాను. తీసేసింది.

సుజానా ఇవాళ అడిగింది. "మెర్లిన్‌ని తిరిగి హాస్టల్లో వెయ్యనా అత్తా? నువ్వు చెప్పు." వానల కాలం నుంచీ నేను పోట్లాడిన మాట అదే. వెయ్యి అనబోయాను. అక్కడ ఆ చాప గుర్తొచ్చింది. వద్దు అనబోయాను. ఇక్కడ మన అరుగు, మన గోడ. చోడి పిండి కలుపుకుంటూ కూచున్నాను. తాగే పిల్లలెవరూ లేరు, అలవాటుగా పెద్ద కుండ నిండా కలిపాను.

అక్టోబరు 25

తెల్లారగానే గాసి ఇంటికి వెళ్ళాను. సుజానా లేచి నీళ్ళకి వెళ్ళింది. జాకబ్ నిద్రపోతున్నాడు. నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. అంతలో అనుమానం వచ్చింది, పొయ్యి రాజేసి వచ్చిన చేతికి ఏదైనా చల్లగానే ఉంటుంది. గెడ్డకి వెళ్ళి చెయ్యి ముంచుకుని మళ్ళీ వచ్చి పెట్టాను. ఈసారి వాడు వేడిగా ఉన్నాడు.

ఈసారి ఆగలేదు. సుజానా, సుజానా అని బిందె దగ్గరికే పరిగెత్తాను. వచ్చి చూసింది. చంక కింద చెయ్యి పెట్టి చూసింది, మెడ దగ్గర చూసింది. "ఏం లేదత్తా, నీ చెయ్యే గడ్డ కట్టుకుపోయింది" అంది. అయినా కనకని పిలువు అన్నాను. వెంటనే బయల్దేరింది. తను కూడా నమ్మలేదన్నమాట.

నిద్రపోనీ అత్తా, లేపకు అని చెప్పి మరీ వెళ్ళింది. లేపేశాను. రెండు భుజాలూ పట్టుకుని కూచోబెట్టి, ఒరే, నేనెవర్నిరా అని అడిగాను.

కళ్ళు నులుముకున్నాడు. నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"మామ్మవి కాదేటి" అన్నాడు, విసుక్కుని. అని మళ్ళీ ముసుగేసుకున్నాడు.

ఇది రాయి. రేపు కూడా అడుగుతాను.